మా వీధి చివర మూతపడ్డ పబ్ కూల్చి 14 ఫ్లాట్లు కడతారట, ఆబ్జెక్షన్ పెట్టాలా వద్దా?

తెనాలి_వారి_కోడలు · మార్చి 4

అందరికీ నమస్తే. మేముండేది ఇంగ్లండ్‌లో, రీడింగ్ అనే ఊరికి కొంచెం అవతల. ఊరి పేరు చెప్పను, ఏమనుకోకండి, ఇక్కడ మనవాళ్లు చాలామందే ఉన్నారు. మా వీధి చివర మలుపు మీద ఒక పాత పబ్ ఉంది. కరోనా తర్వాత కొన్నాళ్లు తెరిచారు, కరెంటు, గ్యాస్ బిల్లులు మండిపోయినప్పుడు మళ్లీ మూశారు, ఇక తెరవలేదు. కిటికీలకి ప్లైవుడ్ కొట్టేశారు. వెనకాల బీర్ గార్డెన్‌లో ముళ్లపొదలు నడుమెత్తున పెరిగి మా ఫెన్స్ మీదికి వాలుతున్నాయి. కార్ పార్కులో ఎవరో పాత పరుపులు, ఫ్రిజ్ పడేసి పోయారు. మొన్న దాని ముందున్న లైటు స్తంభానికి పసుపు రంగు నోటీసు కట్టారు. బిల్డింగ్ మొత్తం కూల్చేసి మూడంతస్తుల్లో 14 ఫ్లాట్లు, 10 కార్లకి పార్కింగ్ అట.

కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) వెబ్‌సైట్లో డ్రాయింగులు చూశాను. వెనక బ్లాకు మా ఫెన్స్‌కి బాగా దగ్గరగా వస్తోంది, పై రెండంతస్తుల బాల్కనీలూ నేరుగా మా పెరట్లోకే. వడియాలు పెట్టేది నేనక్కడే, మా అత్తగారు వచ్చినప్పుడు కాసేపు ఎండకి కూర్చునేదీ అక్కడే. పార్కింగ్ సంగతి సరేసరి, సాయంత్రం ఆరు దాటితే ఇప్పటికే బండి పెట్టడానికి చోటుండదు. అలాగని ఆ పాడుబడ్డ కొంప అలాగే ఉండాలనీ లేదు, రాత్రిళ్లు కుర్రాళ్లు లోపల దూరి సీసాలు పగలగొడుతుంటే భయమేస్తోంది. పక్కింటి పెద్దావిడ మన పబ్‌ని కాపాడుకుందాం అని కాగితాలు పంచుతూ నన్ను సంతకం అడిగింది. మా ఆయనేమో మనది ఇంకా వర్క్ వీసా, ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) రాకముందే కౌన్సిల్‌తో పేచీలెందుకు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

మూడో_పెగ్గు · మార్చి 4

ఇంకోటి పోయిందన్నమాట. 2000 ప్రాంతంలో ఈ దేశంలో అరవై వేల పైచిలుకు పబ్బులుండేవి, ఇప్పుడు 45 వేల దగ్గర కొట్టుమిట్టాడుతున్నాయి. 2007లో లోపల సిగరెట్ ఆపేశారు, సూపర్‌మార్కెట్లో బీరు చవకైంది, బార్ అద్దెకి తీసుకున్నవాడు దాని ఓనరు కంపెనీ చెప్పిన బీరే కంపెనీ చెప్పిన రేటుకే కొనాలి, ఇక మిగిలేదేంటి. సంతకం పెట్టెయ్యండి మేడమ్, ఆలోచించేదేముంది.

వరంగల్_వాన · మార్చి 4

పెగ్గు అన్నా, నువ్వు ఆఖరిసారి పబ్‌లో ఎప్పుడు కూర్చున్నవో ముందు చెప్పు. ఇంట్లో ఆఫర్‌లో తెచ్చిన డబ్బాలు తాగుతూ పబ్‌ని కాపాడాలంటే ఎట్ల?

మూడో_పెగ్గు · మార్చి 4

వ్యక్తిగత విషయాలొద్దు తమ్ముడూ 😄

బ్లూప్రింట్_బాబాయ్ · మార్చి 5

కోడలమ్మా, ముందు వీసా భయం తీసెయ్. ప్లానింగ్ దరఖాస్తు మీద ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు. సిటిజన్ కానక్కర్లేదు, ఇల్లు సొంతమై ఉండక్కర్లేదు, ఐఎల్ఆర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, నువ్వు రాసింది చాలాచోట్ల నీ పేరుతో, అడ్రసుతో కౌన్సిల్ వెబ్‌సైట్లో పడుతుంది, వీధివీధంతా చదువుతుంది. కోపం మీద రాయకు. (నేను ఈ పనిలోనే ఉన్నా, డెవలపర్ల వైపూ చేశా, కౌన్సిల్ వైపూ చేశా, అందుకే రెండు వైపులా తిట్లు తిన్నా.)

రెండోది. పబ్‌ని ఇష్టమొచ్చినట్టు కూల్చే రోజులు పోయాయి. 2017 మే దాకా ఇంగ్లండ్‌లో పబ్‌ని పర్మిషన్ లేకుండానే షాపుగా మార్చేసుకునేవాళ్లు. ఎన్ని పబ్బులు రాత్రికి రాత్రి మినీ సూపర్‌మార్కెట్లయ్యాయో ఇక్కడ పాతకాపులకి తెలుసు. ఆ సదుపాయం తీసేశారు. 2020 సెప్టెంబరు నుంచి పబ్ అనేది ఏ కేటగిరీలోనూ పడని ప్రత్యేక వాడకం, దేనికి మార్చాలన్నా, కూల్చాలన్నా పూర్తి దరఖాస్తు పెట్టాల్సిందే.

ఇక ఏది రాస్తే పనికొస్తుంది, ఏది రాయకూడదు అన్నది అసలు సంగతి. మీ ఇంటి ధర పడిపోతుంది అంటే దరఖాస్తు చూసే కౌన్సిల్ ఆఫీసర్ పట్టించుకోడు. నా కిటికీలోంచి కనబడే చెట్టు కనబడదు, డెవలపర్ దుర్మార్గుడు, కొత్తగా వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో, ఇవేవీ లెక్కలోకి రావు. బాల్కనీల నుంచి మీ పెరట్లోకి చూపు పడటం, మీ గదులకి వెలుతురు తగ్గటం, ఎత్తు, భారీతనం, రోడ్డు మలుపులో కార్లు బయటికొచ్చేటప్పుడు ప్రమాదం, పబ్ పోతే ఆ పేటకి వేరే ఏముంది, ఇవి లెక్కలోకి వస్తాయి. చాలా కౌన్సిళ్ల డిజైన్ గైడుల్లో ఎదురెదురు కిటికీల మధ్య దాదాపు 21 మీటర్లుండాలని రాసుంటుంది. మీ కౌన్సిల్ గైడ్ తీసి నంబర్ చూడు, వాళ్ల డ్రాయింగ్‌లో స్కేలుంటుంది, కొలిచి రాయి. అదొక్కటే పది పేజీల ఏడుపు కంటే గట్టిది.

ఈక్విటీ_ఏకాంబరం · మార్చి 5

బాబాయ్ గారు ధర పట్టించుకోరు అంటున్నారు గానీ అందరూ భయపడేది దానికే కదా. 14 ఫ్లాట్లంటే అందులో కొన్ని అఫర్డబుల్ (మార్కెట్ కంటే తక్కువ ధరకో అద్దెకో ఇచ్చేవి) అని పెడతారు, వాటిని నడిపే హౌసింగ్ అసోసియేషన్ వాళ్లొస్తారు, ఎలాంటి మనుషులొస్తారో తెలీదు. కష్టపడి డిపాజిట్ కూడబెట్టి కొనుక్కున్నాం. ఎలాగైనా ఆ నంబర్ తగ్గించండి, 14 కాస్తా ఎనిమిదో తొమ్మిదో అయితే చాలు.

నైట్‌షిఫ్ట్_నర్సు · మార్చి 6, తెల్లవారుజామున

ఏకాంబరం గారూ, ఆ ఎలాంటి మనుషులు నేనేనండీ. ఆసుపత్రిలో నర్సుని, ఇద్దరు పిల్లలు, ఇంకో ఇద్దరితో కలిసి ఒక ఇంట్లో అద్దెకుంటున్నాం, ఒకటే వంటిల్లు. పిల్లాడు హోంవర్క్ చేసేది మంచం మీద. సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే మెట్ల మీద దాకా క్యూ, ఆరు నెలల అద్దె ముందే కడతామన్నవాడికి ఇచ్చేశారు. ఇది మా ఒక్కళ్ల గొడవ కాదు, మా వార్డులో సగం మందిదీ ఇదే కథ. షిఫ్ట్ అయ్యి వచ్చి ఇది చదివితే ఒళ్లు మండింది.

వరంగల్_వాన · మార్చి 6

అక్కా, మంచిగ చెప్పినవ్. నేను రాద్దామనుకున్నదే. మనమంతా ఇక్కడికి వచ్చినప్పుడు మనల్ని చూసి కూడా ఎలాంటి మనుషులొస్తున్నరో అని ఎవరో ఒకరు అనుకునే ఉంటరు.

నాకు తెలిసినంతవరకు ఖాళీ పబ్ కంటే ఇల్లు కట్టడానికి మంచి జాగా దొరకదు. ఆల్రెడీ రోడ్డుంది, డ్రైనేజీ ఉంది, బస్సుంది, పొలం చెడగొట్టే పని లేదు. ప్రభుత్వమేమో ఈ పార్లమెంటు టర్మ్‌లో 15 లక్షల ఇండ్లు కడతమంటది. ఊరి చివర పొలాల్లో వద్దు, ఊరి నడుమ పబ్ జాగాలో వద్దు అంటే ఇంకేడ కడతరు? ఆకాశంలనా?

కాకినాడ_కాజా · మార్చి 6

ఇక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటి. చాలా పబ్బులు బీరు అమ్ముడుపోక మూతపడట్లేదు, కింద నేల విలువ వల్ల మూతపడుతున్నాయి. రెండు యుద్ధాల మధ్య కాలంలో ఊరి శివార్లలో కట్టిన పబ్బులు చూడండి, పెద్ద ప్లాటు, మలుపు మీద, రెండు రోడ్లకి ముఖం, పక్కన కార్ పార్కు, వెనక గార్డెన్. అదే జాగాలో ఫ్లాట్లు వేస్తే వచ్చే డబ్బుకీ, బార్ నడిపి సంపాదించేదానికీ పొంతనే లేదు. పైగా ఖాళీగా ఉంచితే మొదటి మూడు నెలల తర్వాత బిజినెస్ రేట్స్ కట్టాలి, ఇన్సూరెన్సు పెరుగుతుంది, కాపలా పెట్టాలి. అందుకే ఓనర్‌కి తొందర.

మూడో_పెగ్గు · మార్చి 7

అదే నా బాధ. లాభం రావట్లేదు కాబట్టి కూలుస్తాం అంటారు, నిజంగా నడుపుతామని వచ్చినవాడికి ఇచ్చారా అసలు?

బ్లూప్రింట్_బాబాయ్ · మార్చి 7

మంచి ప్రశ్న వేశావు, మొదటిసారి 😄

పబ్ తీసేయాలంటే ఇది పబ్‌గా నడవదు అని చూపించాలి. అందుకు మార్కెటింగ్ ఎవిడెన్స్ పెడతారు. చాలా లోకల్ ప్లాన్లు (ఎక్కడ ఏం కట్టొచ్చో కౌన్సిళ్లు రాసుకున్న నిబంధనలు) ఏడాది నుంచి రెండేళ్లు అమ్మకానికో అద్దెకో పెట్టి ఉండాలంటాయి, 2021 నాటి లండన్ ప్లాన్ అయితే 24 నెలలంటుంది. ఇక్కడే కిటుకు. బోర్డు పెడతారు, వెబ్‌సైట్లో పెడతారు, కానీ ధర మాత్రం ఫ్లాట్లు కట్టుకునే నేల ధర పెడతారు. ఆ ధరకి పబ్ నడిపేవాడు ఎవడొస్తాడు? లేదా మూడేళ్ల లీజే ఇస్తామంటారు, అంత తక్కువ లీజుకి ఏ బ్యాంకూ అప్పివ్వదు. కాబట్టి కోడలమ్మా, దరఖాస్తుతో పెట్టిన కాగితాల్లో ఆ మార్కెటింగ్ రిపోర్టు తెరిచి చూడు, ఎంతకి, ఎన్నాళ్లు, ఎక్కడ ప్రకటించారో. బీరు ప్రియుల సంఘం కామ్రా వాళ్ల వయబిలిటీ టెస్టు (పబ్‌గా నడుస్తుందో లేదో చూసేది) ఒకటుంది, ఏమేం అడగాలో అందులో చక్కగా రాసుంటుంది.

గుండ్లకమ్మ · మార్చి 8

బర్మింగ్‌హామ్ పక్క నుంచి రాస్తున్నాను. మా స్మెథిక్, వెస్ట్ బ్రామ్‌విచ్ వైపు ఇలా మూతపడబోయిన పబ్బుల్ని పంజాబీ వాళ్లు తీసుకుని నడిపారు, దేశీ పబ్ అంటారు. బార్ అలాగే ఉంటుంది, వంటింట్లోంచి మాత్రం ఇనప పెనం మీద చుయ్ చుయ్ అంటూ మిక్స్‌డ్ గ్రిల్ వస్తుంది, పొగ సీలింగ్ దాకా. ఒక పక్క తెల్ల తాతలు డొమినోలు ఆడుతుంటారు, ఇంకో పక్క పిల్లలతో కుటుంబాలు. మేము కూడా పుట్టినరోజులకి వాళ్ల మేడ మీద హాలే తీసుకుంటాం. మీ పబ్‌కి పైన హాలు లేదా? మనవాళ్లకి ఉగాదికీ బతుకమ్మకీ హాలు దొరక్క స్కూళ్ల చుట్టూ తిరగడమే కదా.

తెనాలి_వారి_కోడలు · మార్చి 8

ఉందండీ. మూయకముందు మా బాబు మొదటి పుట్టినరోజు అందులోనే చేశాం. కార్పెట్ అంతా బీరు వాసన, పులిహోర గిన్నెలు పెట్టడానికి పూల్ టేబుల్ మీద చెక్క వేసిచ్చారు. నడిపిన ఆయన మంచాయన. కానీ నిజం చెప్పొద్దూ, అది తప్ప మేము ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు.

మూడో_పెగ్గు · మార్చి 8

అయితే ఆలోచన వచ్చేసింది. మనమే కొనేద్దాం! కింద దోశలూ బీరూ, పైన కమ్యూనిటీ హాలు. తలా ఇంత వేసుకుందాం.

ఈక్విటీ_ఏకాంబరం · మార్చి 8

తెలుగు సంఘం బోర్డు ఎన్నికలకే రెండు వర్గాలైపోతాయి, పబ్ కొంటే ఎన్ని ముక్కలవుతాయో.

బ్లూప్రింట్_బాబాయ్ · మార్చి 9

నవ్వులాట కాదు, దారి ఉంది. 2011 లోకలిజం చట్టం కింద పబ్‌ని అసెట్ ఆఫ్ కమ్యూనిటీ వాల్యూగా (పేటవాళ్లకి విలువైన ఆస్తిగా) లిస్టు చెయ్యమని కౌన్సిల్‌ని అడగొచ్చు. స్థానికంగా ఓటర్ల జాబితాలో ఉన్న 21 మంది కలిస్తే చాలు, రిజిస్టరైన సంఘం కూడా అక్కర్లేదు. మీరంతా భారతీయులు, కామన్వెల్త్ పౌరులు, వర్క్ వీసా మీదున్నా ఇక్కడ ఓటుంటుంది, ఎంతమంది నమోదు చేసుకున్నారో చెయ్యెత్తండి చూద్దాం. లిస్టయితే ఐదేళ్లుంటుంది. ఓనర్ అమ్మాలనుకుంటే ముందు కౌన్సిల్‌కి చెప్పాలి, ఆరు వారాల్లో స్థానిక సంఘమేదైనా మేము కొంటాం అంటే మొత్తం ఆరు నెలలు ఆగాలి. లండన్ నన్‌హెడ్‌లో ఐవీ హౌస్ అని మొదట లిస్టయిన పబ్ అది, 2013లో ఆ పేటవాళ్లే కొని నడుపుతున్నారు. ఇలా జనం చేతిలో ఉన్న పబ్బులు దేశంలో వందకు పైనే.

కానీ చెప్పాల్సింది చెప్పాలి. ఆరు నెలల తర్వాత ఓనర్ మీకే అమ్మాలని రూలేమీ లేదు, ఎవరికైనా అమ్ముకోవచ్చు. ఇక్కడ ఆల్రెడీ డెవలపర్ చేతికి వెళ్లిపోయింది, మళ్లీ అమ్మితే తప్ప ఆ గడియారం మొదలవదు. లిస్టయి ఉంటే దరఖాస్తు చూసేటప్పుడు అదొక పాయింటుగా బరువుంటుంది, అంతే. డబ్బు సాయం చేసే కమ్యూనిటీ ఓనర్‌షిప్ ఫండ్ 2021లో పెట్టారు, 2024 డిసెంబరులో మూసేశారు. పైకప్పు కారుతున్న ఖాళీ పబ్‌ని బాగుచెయ్యడానికయ్యే ఖర్చు కొన్న ఖరీదుతో పోటీ పడుతుంది. పెగ్గు బాబూ, చందా బుక్కు ఎవరు రాస్తారు?

మూడో_పెగ్గు · మార్చి 9

…ఈ నెల కొంచెం టైటుగా ఉంది.

గుండ్లకమ్మ · మార్చి 9

ఒకటి అడగనా. ఈలోపు ఆ ఖాళీ బిల్డింగ్‌కి ఏమన్నా అయితే? 2023 ఆగస్టులో మా పక్క హిమ్లీలో క్రుకెడ్ హౌస్ అని వంకరగా ఒరిగిపోయిన పాత పబ్, ఎంత ఫేమస్సో, అమ్మేసిన కొద్ది రోజులకే రాత్రి కాలిపోయింది, రెండు రోజుల్లో బుల్డోజరుతో నేలమట్టం చేసేశారు. ఊరంతా అట్టుడికిపోయింది.

బ్లూప్రింట్_బాబాయ్ · మార్చి 9

అవును. సౌత్ స్టాఫర్డ్‌షైర్ కౌన్సిల్ 2024 ఫిబ్రవరిలో ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసిచ్చింది, మూడేళ్లలో ఎలా ఉందో అలా తిరిగి కట్టమని. అంతకు ముందు లండన్ మైడా వేల్‌లో కార్ల్‌టన్ టావెర్న్ ఉంది, 2015 ఏప్రిల్లో పర్మిషన్ లేకుండా కూల్చేశారు, వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఇటుక ఇటుకా మళ్లీ కట్టించింది, 2021లో తెరిచారు. ముందే అనుమానపడి పేటవాళ్లు లోపలి వివరాలు, పలకల అచ్చులు తీయించిపెట్టారు కాబట్టి అది సాధ్యమైంది. మీరూ లోపలివి దొరక్కపోతే బయటివైనా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఎవర్నీ అనుమానిస్తూ ఆన్‌లైన్‌లో మాత్రం రాయకండి.

మోడరేటర్ · మార్చి 9

ఆ చివరి మాట అందరికీ వర్తిస్తుంది. డెవలపర్ పేరు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను.

కాకినాడ_కాజా · మార్చి 11

కోడలు గారూ, రేపు పర్మిషన్ వచ్చినా మీ చేతిలో ఇంకో ఆయుధముంది, అది ప్లానింగ్‌తో సంబంధం లేనిది. 1996 పార్టీ వాల్ చట్టం, అంటే పక్కపక్క ఇళ్ల మధ్య గోడలు, తవ్వకాల గురించిన చట్టం. మీ ఇంటికి మూడు మీటర్ల లోపల మీ పునాది కంటే లోతుగా తవ్వుతుంటే నెల ముందు మీకు నోటీసివ్వాలి, కొన్ని సందర్భాల్లో ఆరు మీటర్ల దాకా కూడా. మీరు ఒప్పుకోకపోతే సర్వేయర్ వస్తాడు, ఆ ఖర్చు మామూలుగా కట్టేవాడిదే. పని మొదలవకముందే మీ గోడల మీదున్న ప్రతి బీటా ఫోటోలతో రికార్డు చేయించుకోండి. పబ్‌ల కింద సెల్లార్ ఉంటుంది, దాన్ని పగలగొట్టి నింపేటప్పుడు పక్క ఇళ్లు అదురుతాయి, నేను సైటు మీద చూశాను, టీ కప్పులు సాసర్లలో గలగలలాడాయి. ఆస్‌బెస్టాస్ ఉందా అని కూడా అడగండి, 1999 దాకా పూర్తి నిషేధం లేదు కాబట్టి పాత పబ్‌లో అది లేకపోతేనే ఆశ్చర్యం.

గబ్బిలాల సర్వే పెట్టారా చూశారా? ఆ పైకప్పు పెంకుల కింద గబ్బిలాలుండే అవకాశముందని తేలితే సాయంత్రం సర్వేలు మే నుంచి సెప్టెంబరు దాకానే చెయ్యాలి. అది చెయ్యకుండా కౌన్సిల్ అవుననకూడదు.

ఈక్విటీ_ఏకాంబరం · మార్చి 11

హమ్మయ్య, గబ్బిలాలు పుణ్యం కట్టుకుంటాయేమో. దాని మీదే పట్టుపట్టండి.

తెనాలి_వారి_కోడలు · మార్చి 14

మార్కెటింగ్ రిపోర్టు చూశాను. బాబాయ్ గారు చెప్పినట్టే ఉంది, ధర దగ్గర "వివరాలకు సంప్రదించండి" అని మాత్రమే ఉంది. స్కేలుతో కొలిచాను, మా వెనక గది కిటికీకీ వాళ్ల బాల్కనీకీ మధ్య 13 మీటర్లు. కౌన్సిల్ గైడ్‌లో 21 అనే ఉంది. వీధిలో సాయంత్రం, రాత్రి పార్కింగ్ ఫోటోలు తీశాను. పక్కింటావిడ కాగితం మీద మాత్రం సంతకం పెట్టలేదు. అందులో ఫ్లాట్లే వద్దు అని రాసుంది, నర్సు గారి పోస్టు చదివాక అలా రాయబుద్ధి కాలేదు. నాదే విడిగా పంపాను.

నైట్‌షిఫ్ట్_నర్సు · మార్చి 14

థాంక్సండీ. మీ బాల్కనీ బాధ నాకూ అర్థమైంది, ఎవరికైనా ఉంటుంది.

తెనాలి_వారి_కోడలు · మే 20

అప్‌డేట్. 80కి పైగా ఆబ్జెక్షన్లు పడ్డాయి. ఎక్కువమంది రాసింది ఒక్కటే, 14 చాలా ఎక్కువ, ఫ్లాట్లు తగ్గించండి అని. డెవలపర్ పాత దరఖాస్తు వెనక్కి తీసుకుని కొత్తది పెట్టాడు. ఇప్పుడు 9 ఫ్లాట్లే. పార్కింగ్ 12కి పెంచాడు. వీధిలో అందరూ గెలిచాం అని వాట్సాప్‌లో లడ్డూ బొమ్మలు పెట్టుకుంటున్నారు. నాకేదో తేడాగా ఉంది, ఎందుకంటే వెనక బ్లాకు ఎత్తు అంతే ఉంది, బాల్కనీలు అక్కడే ఉన్నాయి.

బ్లూప్రింట్_బాబాయ్ · మే 20

తేడాగానే ఉంటుంది. ఎత్తు అదే, వైశాల్యం దాదాపు అదే, ఫ్లాట్లు మాత్రం 9. అంటే ఒక్కొక్కటీ పెద్దదై ఖరీదైందన్నమాట. ఈ దేశంలో 10 ఇళ్లు, అంతకంటే ఎక్కువైతే మేజర్ దరఖాస్తు, అక్కడి నుంచే మామూలుగా అఫర్డబుల్ ఇళ్లు ఇవ్వాలని అడుగుతారు. 9కి ఆపితే ఒక్కటీ ఇవ్వక్కర్లేదు. 10కి ఒక్కటి తక్కువగా 9 అని ఎన్ని దరఖాస్తుల్లో కనబడుతుందో నా ఉద్యోగంలో చూసి చూసి విసుగొచ్చింది.

14 ఉన్నప్పుడైనా గొప్పగా వచ్చేవని కాదు. మీ కౌన్సిల్ 30 శాతం అడుగుతుంది అనుకుందాం, నాలుగు రావాలి. కానీ ఖాళీ బిల్డింగ్ కూలిస్తే వేకెంట్ బిల్డింగ్ క్రెడిట్ అని ఒకటుంది, పాత పబ్ వైశాల్యం మేరకు ఆ బాకీ తగ్గిస్తారు. కొత్తది 1,000 చదరపు మీటర్లు, పాతది 500 అయితే నాలుగు కాస్తా రెండవుతాయి. ఆ రెండూ కూడా ఇప్పుడు లేవు.

వరంగల్_వాన · మే 20

అంటే ఏకాంబరం అన్న అడిగిందే అయింది. బాల్కనీ పోలే, అక్కకు ఇల్లు పోయింది.

ఈక్విటీ_ఏకాంబరం · మే 20

నా మీద పడతారేంటి, 80 మందిలో నేను లేను, నేనుండేది లండన్ హౌన్‌స్లోలో.

కాకినాడ_కాజా · మే 21

కొత్త ప్లాన్లు చూశాను. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కి జాతీయ ప్రమాణం ముగ్గురికైతే 61 చదరపు మీటర్లు, వీళ్లు 95 దాకా గీశారు. అదే బ్లాకులో మామూలు సైజులు వేస్తే సులువుగా 12 పడతాయి. 10 లోపల ఉంచడానికే సాగదీసినట్టుంది.

బ్లూప్రింట్_బాబాయ్ · మే 21

అది రాయండి! జాగాలో పట్టేన్ని ఇళ్లు కట్టకుండా కావాలని తగ్గించారని చూపిస్తే కౌన్సిల్ దాని మీద తిరస్కరించవచ్చు, చాలా లోకల్ ప్లాన్లలో అలాంటి క్లాజుంటుంది. కోడలమ్మా, ఈసారి నీ ఉత్తరం తలకిందులుగా రాయాలి. ఫ్లాట్లు తగ్గించమని కాదు, వెనక బ్లాకు ఒక అంతస్తు దించమను, మీ వైపు బాల్కనీలు తీసి రోడ్డు వైపు పెట్టమను, మీ వైపు కిటికీలకి మసక అద్దం వెయ్యమను, ఇళ్లు మాత్రం 10కి పైన ఉంచి అఫర్డబుల్ ఇవ్వమను. నాకు ఏం కావాలో చెప్పినవాళ్ల మాటకున్న విలువ వద్దు అన్నవాళ్లకి ఉండదు.

ఇంకోటి. కౌన్సిల్ కాదంటే డెవలపర్ ఆరు నెలల్లో ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి (ఇలాంటి అప్పీళ్లు చూసే ప్రభుత్వ సంస్థ) అప్పీలుకి వెళ్లగలడు. కౌన్సిల్ అవునంటే మీకు ఏ అప్పీలూ లేదు, హైకోర్టు తప్ప. పైగా మీ కౌన్సిల్ దగ్గర ఐదేళ్లకి సరిపడా ఇళ్ల స్థలాలు చూపించలేకపోతుంటే ఇన్‌స్పెక్టర్ డెవలపర్ వైపే మొగ్గుతాడు. అందుకే పూర్తిగా ఆపుదాం అనుకునేవాళ్లు తరచూ అన్నీ పోగొట్టుకుంటారు.

మూడో_పెగ్గు · మే 21

మరి పబ్?

బ్లూప్రింట్_బాబాయ్ · మే 21

కింద అంతస్తులో ఒక మూల 100 చదరపు మీటర్లు కేఫో చిన్న హాలో అడగొచ్చు, కొన్నిచోట్ల పబ్ కింద ఉంచి పైన ఫ్లాట్లు కట్టారు. కానీ పైన పడుకున్నవాళ్లు కింద చప్పుడు అని ఫిర్యాదు చేస్తే మళ్లీ మూతే. కట్టేటప్పుడే సౌండ్ ఇన్సులేషన్ షరతు పెట్టించకపోతే వద్దనే అంటాను. ఈ మలుపు మీద, ఇంకో పబ్ ఐదు నిమిషాల నడకలో ఉందని రిపోర్టులో రాశారు కాబట్టి, పబ్ బతుకుతుందని నాకు నమ్మకం లేదు. తిట్టుకో.

మూడో_పెగ్గు · మే 21

తిట్టను. ఆ ఐదు నిమిషాల నడకలో ఉన్నదాని పేరు మెసేజ్ చెయ్యండి, శనివారం వెళ్తా. డబ్బాలు కాదు, వాన తమ్ముడూ, వింటున్నావా.

తెనాలి_వారి_కోడలు · మే 24

రాశాను. పక్కింటావిడతో కూర్చుని డ్రాయింగులు చూపించి ఈ 9 సంగతి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత వాళ్ల మనవడు పెళ్లయ్యి ఇంకా అమ్మానాన్నల దగ్గరే ఉన్నాడని చెప్పింది. ఆవిడ కూడా కొత్త ఉత్తరం రాస్తానంది, హాలు కావాలని మాత్రం పట్టుబట్టింది. మా వార్డు కౌన్సిలర్‌కి మెయిల్ పెట్టాం, దరఖాస్తుని ఆఫీసర్ స్థాయిలో తేల్చకుండా కౌన్సిలర్ల కమిటీకి తెప్పిస్తానన్నారు. కమిటీలో మూడు నిమిషాలు మాట్లాడనిస్తారట. మా ఆయన నువ్వే మాట్లాడు అంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

నైట్‌షిఫ్ట్_నర్సు · మే 24

ఆ రోజు నాకు డే ఆఫ్ అయితే వస్తాను, పక్కన కూర్చుంటాను. నేనూ ఒక కామెంటు పెట్టాను, అదే టౌన్‌లో పనిచేస్తున్నానని, రెండు బెడ్‌రూములది కావాలని.

బ్లూప్రింట్_బాబాయ్ · మే 25

మూడు నిమిషాలంటే రాసుకున్న ఒకటిన్నర పేజీ, అంతే. మొదట 13 మీటర్లు చెప్పు, తర్వాత 95 చదరపు మీటర్లు చెప్పు, తర్వాత ఏం మార్చాలో చెప్పు. పబ్ జ్ఞాపకాలు పక్కింటావిడకి వదిలెయ్, ఆవిడ చెబితేనే అందం. కమిటీ మెంబర్లు ముందురోజు సైటుకి వస్తే పెరట్లోకి పిలిచి నిలబెట్టి పైకి చూపించు.

ఈక్విటీ_ఏకాంబరం · మే 26

అంతా మంచికే. ఊరికే అడుగుతున్నా, ఆ 95 చదరపు మీటర్ల ఫ్లాట్లు ఆఫ్-ప్లాన్‌లో (కట్టకముందే అమ్మితే) ఎంతకి ఇస్తున్నారో ఎవరికైనా తెలుసా? అద్దెకివ్వడానికి ఒకటి చూద్దామని.

వరంగల్_వాన · మే 26

ఏకాంబరం అన్నా!!!

మోడరేటర్ · మే 26

కొనుగోళ్లకి వేరే విభాగం ఉంది. అక్కడికి వెళ్లి లీజు ఎన్నేళ్లు, సర్వీస్ ఛార్జి ఎంత అని ముందు అడగండి. 2022 జూన్ 30 నుంచి వచ్చిన కొత్త లీజులకి గ్రౌండ్ రెంట్ (నేల ఓనర్‌కి ఏటా కట్టే అద్దె) తీసుకోకూడదు, ఎవరైనా అడిగితే చెప్పండి. ఈ థ్రెడ్ కమిటీ తేదీ దాకా తెరిచే ఉంచుతాను.